గాలి లేని రోజులు

జూన్ 11

పొద్దున్నే మా టౌను మనీత్సోక్ నుంచి బయల్దేరాం. నేనూ రెగీనె పిన్నీ, చెరో కయాక్, ఒక్క మనిషి పట్టే సన్నటి తెడ్డు పడవ. కలప, పనిముట్లు, గుడ్డ చుట్టలు నిన్ననే సరుకుల పడవలో వెళ్లిపోయాయి. ఈ వేసవికి రెండు ఊళ్లు ఒప్పుకున్నాం. ముందు అక్కియా, తర్వాత ఇల్లుతాలిక్. ఒక్కో ఊళ్లో రెండేసి కయాక్‌లు అక్కడివాళ్ల చేతులతోనే కట్టించాలి. కూర్చోవడం, తెడ్డు వెయ్యడం, బోల్తా పడితే లేవడం నేర్పాలి.

అర్నాక్ రేవు దాకా వచ్చింది. భుజానికి రాసుకునే మందు సీసా నా జేబులో పెట్టి, "రోజూ రాసుకో, మర్చిపోకు" అంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె దగ్గర నేనేదీ దాచలేదు.

నైరుతి గాలి. చిన్న చిన్న అలలు. మంచి రోజు.

జూన్ 12

గాలి లేదు. భుజం నొప్పి. గుడారంలోనే ఉన్నాం.

జూన్ 13

గాలి లేదు. భుజం.

జూన్ 14

మధ్యాహ్నం గాలి లేచింది, బయల్దేరాం. దారిలో పిన్ని నా పక్కకొచ్చి, "ఏరా పావియా, నీ భుజానికి గాలంటే అంత ఇష్టమా?" అంది. నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

జూన్ 20, అక్కియా

పిన్ని పాఠం చెప్పే తీరు రాసి పెట్టుకోవాలి, లేకపోతే మర్చిపోతాను.

ఆమెకు ఏభై ఏడేళ్లు. ఇరవై రెండేళ్లు రొయ్యల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసింది. నలభయ్యో ఏట మొదటిసారి కయాక్‌లో కూర్చుంటే, పడవకి తోలు కుట్టాల్సిన ఆడమనిషి అందులోకెక్కి కూర్చుందేమిటని మా వీధంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ల పిల్లలకే ఇప్పుడు బోల్తా పడి లేవడం నేర్పుతోంది. అన్ని రకాలుగా లేవడం తెలిసినవాళ్లు మా వైపు ఇంకొకరు లేరు.

ఎవరైనా టేపు తీస్తే చేతి మీద ఒక్కటి వేస్తుంది. "నీ ఒంటికి కట్టుకునే పడవకి షాపువాడి కొలతెందుకు? చేతులు చాపు." మూడు బారలు పొడవు. తుంటి వెడల్పు మీద రెండు పిడికిళ్లు. బొటనవేలు పైకెత్తిన పిడికిలంత లోతు. అందుకే ఒకరి కయాక్ ఇంకొకరికి సరిపోదు.

ఇవాళ వేడినీళ్లలోంచి తీసిన పక్కబద్దను, పడవకి పక్కటెముకలా పెట్టేదాన్ని, వంచుతుంటే అది ఒక అమ్మాయి చేతిలో ఫట్టున విరిగింది. ఆ అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది.  పిన్ని తన బద్దలు మూడు తీసుకుని, అందరూ చూస్తుండగా ఒకదాని తర్వాత ఒకటి విరిచింది. "ఇది ఇక్కడ విరుగుతుంది. ఇది ఇక్కడ. ఇదిగో, ఇది విరిగేముందు చిన్న చప్పుడు చేస్తుంది, విన్నారా? ఆ చప్పుడు రాగానే ఆగండి." తర్వాత విరిగిన ముక్కలు పొయ్యిలో పెట్టి, వాటి మీదే అందరికీ కాఫీ కాచింది.

ఎవరి పనినీ తన చేత్తో సరిచెయ్యదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. ఎంత కష్టమో నాకు తెలుసు. నేను ఉండలేను, లాక్కుని చేసేస్తాను.

జూన్ 30

రెండు కయాక్‌లూ నీళ్లలో దిగాయి. గాలి బాగుంది. నేను కూడా దిగి నేర్పాను.

జూలై 3

ఇల్లుతాలిక్‌కి నాలుగు గంటల దూరంలో, రాతి మీద కూర్చుని రాస్తున్నాను. 

పొద్దున బయల్దేరినప్పుడు గాలి ఉంది. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డు, దాని నోటికి అడ్డంగా దాటాలి. సగం దూరంలో గాలి ఆగిపోయింది. ఎండ సూటిగా ఎదురుగా. ఆకాశం, నీళ్లు ఒకటే రంగు, మధ్య గీత లేదు. పిన్ని నూరు గజాలు ముందుంది.

మొదట కయాక్ ముక్కు దూరం జరిగిపోయింది. తర్వాత పడవ సన్నమైంది, కత్తి అంచు మీద కూర్చున్నట్టు. ఆ తర్వాత చన్నీళ్లు. కాళ్ల వేళ్ల దగ్గర మొదలై మోకాళ్లు, తొడలు, నడుము. లోపల చుక్క నీళ్లు లేవని నాకు తెలుసు. అయినా నడుము దాకా నిండిపోయాయి. తెడ్డు కదిపితే బోల్తా పడతానన్న భయం చెయ్యి కదలనివ్వలేదు. కేక వేస్తే ఆ కుదుపుకే తిరగబడతాననిపించింది.

ఎంతసేపు అలా ఉన్నానో. పిన్ని వెనక్కి చూసింది. అరవలేదు, తొందరపడలేదు. నిదానంగా తిరిగొచ్చి, తన కయాక్‌ను నా కయాక్‌కి ఆనించి, రెండింటి మీదా అడ్డంగా తెడ్డు వేసి, దాని మీద తన బరువంతా వేసి నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్లకేసి చూడకు. నా మొహం చూడు. ఎలా ఉంది నా మొహం?"

ఆమెకేసి తల మాత్రం తిప్పాను.

"ఎండు చేపలా ఉంది కదూ? మీ బాబాయి రోజూ అంటాడు. ఏం, నువ్వనలేవా?"

పక్కింటి పాస్టరు కుక్క గురించి చెప్పింది. ఆయన ప్రసంగం మొదలెట్టగానే అది ఎలా ఆవలిస్తుందో ఆవలించి చూపించింది. మాట్లాడుతూనే రెండు కయాక్‌లనూ ఊపుతోంది. ఊగేకొద్దీ నా కిందున్న పడవ మళ్లీ పడవలా అయింది. చన్నీళ్లు దిగిపోయాయి.

"ఎన్నాళ్లనించీ?" అంది అప్పుడు.

"పోయిన సెప్టెంబరు."

"భుజం?"

"భుజం బాగానే ఉంది."

"అనుకున్నాలే" అంది.

మిగతా దూరమంతా నాకు నాలుగు బారల ముందు వెళ్లింది. ప్రతి వేటుకీ తెడ్డును నీళ్ల మీద చదునుగా కొడుతూ వెళ్లింది, అలలు లేచేలా, నా కళ్లు పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండేలా. రెండు గంటలకు పైగా. ఒడ్డుకి చేరాక చూస్తే ఆమె అరచేతులు పొక్కిపోయి ఉన్నాయి. "ఉప్పు నీళ్లు, అదే మానుతుంది" అని ఎండబెట్టిన చిన్న చేపలు తీసి నా ఒళ్లో పోసింది. "తిను. ముసలాళ్లు నంగియార్నెక్ అనేవాళ్లు దీన్ని. పేరున్న రోగమే, నువ్వు కనిపెట్టింది కాదు."

జూలై 4

ఆలోచిస్తే నిన్నటిది ఎండదెబ్బే అయి ఉండాలి. ముందు రోజు సరిగ్గా నిద్రపోలేదు కూడా.

జూలై 5

ఎండదెబ్బ కాదు.

జూలై 7, ఇల్లుతాలిక్

పదమూడు ఇళ్లు, ఒక దుకాణం, ఒక బడి, ఒక చేపల షెడ్డు. షెడ్డులోనే పని. ఏడుగురు చేరారు. ఎనిమిదో మనిషి ఎసాయస్ తాత. పేరు రాయించుకోలేదు, కానీ మా కంటే ముందే వచ్చి తలుపు దగ్గర పెట్టె మీద కూర్చుంటాడు. డెబ్బై తొమ్మిదేళ్లు.

"అది దూలమా, పుల్లా?" అంటాడు. "ఆ ముడి నా పసి మనవరాలు విప్పుతుంది." "అబ్బాయ్, నువ్వు టౌన్లో పుట్టావా?"

"అవును తాతా."

"అదే, ముడి చూస్తేనే తెలుస్తోంది."

కానీ ఆయన అన్న ప్రతి మాటా నిజమే. లేచి వచ్చి తొడల మీదికొచ్చే వంపు దూలం చెయ్యి పెట్టి చూసి, "ఇక్కడ వేలెడు తియ్యి, లేకపోతే కాలు తిమ్మిరెక్కి చస్తాడు" అన్నాడు. కొలిచాం. సరిగ్గా వేలెడు ఎక్కువుంది. పిన్ని నా చెవిలో, "ఈయన చేతుల ముందు మనమిద్దరం ఎందుకూ కొరగాం" అంది. కుర్రతనంలో ఈ ఫ్యోర్డులో ఆయనంత బాగా సీలు జంతువుల్ని వేటాడినవాళ్లు లేరట. ఇరవై ఏడో ఏట మానేశాడట. మళ్లీ కయాక్ ఎక్కలేదట.

ఎందుకు మానేశాడని అడిగాను. దుకాణంలో అమ్మాయి నవ్వింది. "కట్టుతాడు యుదితమ్మని అడగండి."

జూలై 9

యుదితమ్మ ఆయన భార్య. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఇవాళ ఒక తట్టలో సీలు తోళ్లు వేసుకుని షెడ్డుకొచ్చింది. వెంట్రుకలు తీసి, నానబెట్టి సిద్ధం చేసినవి. మా గుడ్డ చుట్టను వేళ్లతో నలిపి, "ఇది కప్పితే గుడారం అవుతుంది, కయాక్ కాదు" అంది.

"అంత తోలు మా దగ్గర లేదమ్మా" అన్నాను.

"నా దగ్గరుంది. కుట్టేవాళ్లం నలుగురం ఇంకా బతికే ఉన్నాం. కానీ ఒక మాట. ఆ రెండోది మా ఆయన కొలతకి కట్టాలి."

ఎసాయస్ తాత పెట్టె మీంచి లేచాడు. "నాకక్కర్లేదు."

"నిన్నెవరూ ఎక్కమనలేదు. అటక మీద పెట్టుకుందువుగాని." మళ్లీ నా వైపు తిరిగింది. "ఏభై రెండేళ్ల కిందట మా అన్న మునిగిపోయాడు. నాకు రెండో పిల్ల పుట్టి ఆరు వారాలు. ఒక సాయంత్రం ఈయన్ని పట్టుకుని ఏడ్చాను, ఇంక వెళ్లొద్దని. ఒక్క సాయంత్రం. అంతే, మళ్లీ వెళ్లలేదు. అంత వేటగాణ్ని ఒడ్డుకి కట్టేశానని ఊరంతా పేరు పెట్టింది. నిజమే, కట్టేశాను. అందుకని ఆయన కొలతకి ఒకటుండాలి."

తాత బయటికి వెళ్లిపోయాడు. కొలతలు ఎలా అని అడిగితే, ఆమె చేతులు చాపి, తన చేతుల మీద ఎంతెంత కలపాలో చెప్పింది. ఆయన బార ఎంతో ఆమెకు కంఠతా వచ్చు.

జూలై 13

నీళ్లు కదలడం లేదు. ఇవాళ్టి నుంచి నీళ్ల మీద పాఠం, మా రెండు కయాక్‌లతో. భుజం, అనబోయాను.

పిన్ని నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. "వీళ్లలో ఎవరికైనా అది వస్తే? ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే? తనకి పిచ్చెక్కిందనుకుంటాడు. ఎవరికీ చెప్పడు, నీలాగే. ఆ తర్వాత ఒక రోజు ఖాళీ కయాక్ తిరిగొస్తుంది. చెప్పరా."

"నువ్వు చెప్పు పిన్నీ."

"నాకు రాలేదుగా. నేను చెబితే అది పాఠం. నువ్వు చెబితే నిజం."

చెప్పాను. రేవులో ఏడుగురు నిలబడి ఉన్నారు, ఎనిమిదోవాడు రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఎలా మొదలవుతుందో, చన్నీళ్లు ఎలా ఎక్కుతాయో, పది నెలలుగా భుజం అని అబద్ధం ఎలా చెప్పుకొచ్చానో. పక్కన ఇంకో కయాక్ ఉంటే పోతుందని, అందుకే గాలి లేని రోజున ఒంటరిగా వెళ్లొద్దని. ఎవరూ నవ్వలేదు. ఆ ఏడుగురిలో ఒకామె, బడి టీచరు, "పక్కకొచ్చి ఎలా ఆనించాలో చూపిస్తారా?" అంది. నేనూ పిన్నీ నీళ్లలోకి దిగి చూపించాం. ఒకసారి ముక్కు దూరం జరగబోయింది. పిన్ని మొహం చూశాను.

తిరిగి చూస్తే రాతి మీద తాత లేడు.

జూలై 14

పొద్దున ఆరింటికి గుడారం బయట దగ్గు వినబడింది. ఎసాయస్ తాత. లోపలికి రమ్మంటే రాలేదు. నిలబడే చెప్పాడు.

"నాకూ వచ్చింది అది, వేట మానేసిన ఏడు ఆగస్టులో. ఆ పడమటి దీవి అవతల. సగం రోజు అలాగే కూర్చున్నా. ఒక సీలు నా పక్కనే లేచి నన్ను చూసి వెళ్లింది, చెయ్యెత్తలేకపోయా. సాయంత్రానికి గాలొచ్చింది కాబట్టి బతికా. ఇంటికొచ్చాక ఎలా చెప్పను? వేటగాడికి నీళ్లంటే భయమని తెలిస్తే నాతో ఎవడొస్తాడు, పిల్లలకి ఏం పెడతా? ఆ సాయంత్రమే యుదిత ఏడ్చింది, వెళ్లొద్దని. నాకు దారి దొరికింది."

నేను గుడారంలోంచి బయటికొచ్చి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఊరు దాన్ని కట్టుతాడు అని పిలిచినప్పుడల్లా వింటూనే ఉన్నా" అన్నాడు. "మొదట్లో, రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. అలా పిల్లలు పెద్దవాళ్లయ్యారు."

"ఇప్పుడు చెప్పండి తాతా."

"నీకు ఏడుగురి ముందు చెప్పడానికి పది నెలలు పట్టింది. నాది లెక్కేసుకో" అని వెళ్లిపోయాడు.

జూలై 15

బడి ఫోన్ నుంచి అర్నాక్‌కి చెప్పాను. మొత్తం వింది. తర్వాత, "చలికాలమంతా రాశాను మందు" అంది. "మంచి భుజానికి." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఇంకేదైనా మందు రాయాలా ఎక్కడైనా? ఇప్పుడే చెప్పు." లేదన్నాను. "సరే. ఇంటికొచ్చాక నీ సంగతి చెబుతా" అని పెట్టేసింది.

జూలై 18

యుదితమ్మ ఎదురైనప్పుడల్లా తల దించుకుంటున్నాను. ఆమె నాకు సీలు మాంసం పులుసు తెచ్చిపెడుతోంది, సన్నగా ఉన్నానని.

పిన్నికి చెప్పాను. "అది మనం చెప్పే మాట కాదు" అంది. ఆమె మొహం చూస్తే ఆమెకూ మింగుడు పడలేదని తెలుస్తోంది.

జూలై 21

ఇవాళ తోలు కుట్టారు.

తోలు తడిగా ఉండగానే చట్రం మీదికి లాగి, ఒకే రోజులో కుట్టెయ్యాలి. ఆరితే బిగుసుకుపోయి మళ్లీ మాట వినదు. పొద్దున ఏడింటికే నలుగురు ముసలమ్మలు చట్రానికి అటిద్దరు ఇటిద్దరు కూర్చున్నారు. నేను లాగి పట్టుకునే మనిషిని. సూది తోలు మందంలో సగం దాకానే వెళ్లి పక్కకి వచ్చేస్తుంది, అవతలికి పొడుచుకు రాదు. రంధ్రమే లేకపోతే నీళ్లెలా వస్తాయి? పిన్ని వాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని బడిపిల్లలా చూసింది. యుదితమ్మ రెండుసార్లు ఆమె కుట్టు విప్పించింది. పిన్ని మారు మాట్లాడకుండా మళ్లీ కుట్టింది.

పదకొండింటికి తాత వచ్చాడు. పెట్టె మీద కూర్చోలేదు. టోపీ తీసి షెడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"నేనొక మాట చెప్పాలి. మీరంతా వినాలి, కట్టుతాడు అన్న పేరు మీ నోటెంట కూడా వచ్చింది కాబట్టి."

అంతా చెప్పాడు. దీవి, సీలు, చన్నీళ్లు, సాయంత్రం. "యుదిత నన్ను కట్టెయ్యలేదు. నేను భయపడ్డా. దాని కన్నీళ్ల వెనక దాక్కున్నా. ఏభై రెండేళ్లు."

సూదులు ఆగిపోయాయి. యుదితమ్మ తలెత్తలేదు. ఆమె చేతిలో దారం సగం లాగి ఉంది. షెడ్డు బయట బల్ల మీద ఎవరో చేపలు శుభ్రం చేస్తున్న చప్పుడు వినిపించింది.

"తోలు ఆరిపోతోంది" అంది ఆమె చివరికి. "కుట్టండి."

సాయంత్రం దాకా నలుగురూ కుట్టారు.  ఆమెవైపు కుట్టులో ఒక్కటి కూడా వంకర పోలేదు. నేను చివరిదాకా తోలు లాగి పట్టుకునే ఉన్నాను, ఆమె చేతులే చూస్తూ.

జూలై 22

తాత షెడ్డుకి రాలేదు.

జూలై 24

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, మాటల్లేవట. మూడు పూటలా తాతకి కంచం మాత్రం పెడుతోందట. దుకాణంలో అమ్మాయి ఇవాళ ఆమెను "యుదితమ్మా" అని పిలిచింది, ముందు ఏ మాటా తగిలించకుండా. ఆమె వినబడనట్టే పాలు తీసుకుని వెళ్లిపోయింది.

తోలు ఆరింది. వేలితో మీటితే డప్పులా మోగుతోంది.

జూలై 26

రేపు నీళ్లలో దించడం. ఎల్లుండి మేం బయల్దేరాలి. గుడ్డ కప్పినది టీచరుకి. తోలుది ఎవరు దించుతారని అడిగితే పిన్ని, "కొలత ఎవరిదో వాళ్లే" అంది. వస్తాడా అంటే భుజాలెగరేసింది.

జూలై 27

ఆకు కదలని రోజు, మా దగ్గర చెట్లుంటే. నీళ్లలో కొండలు తలకిందులుగా నిలబడ్డాయి. ఊరంతా రేవులో ఉంది, కాఫీ ఫ్లాస్కులతో, కేకులతో.

టీచరు కయాక్ ముందు దిగింది. చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ తోలుదాని చుట్టూ నిలబడి నేలకేసి చూస్తున్నారు.

వాళ్లిద్దరూ కొండ దారిన వచ్చారు. యుదితమ్మ ముందు, తాత పది అడుగుల వెనక. ఆమె మోకాళ్ల దాకా వచ్చే సీలు తోలు బూట్లు వేసుకుంది. నేరుగా కయాక్ దగ్గరికొచ్చి, కుట్టు మీద మొదటి నుంచి చివరి దాకా బొటనవేలు నడిపి చూసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా, "ఏం, అక్కడే నిలబడ్డావేం? చన్నీళ్లని మళ్లీ నన్ను అడ్డం పెట్టుకుంటావా?" అంది.

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. తాత వచ్చాడు. చిన్న రాతి మీద ఒక చెయ్యి, కయాక్ మీద ఒక చెయ్యి ఆనించి, కాళ్లు లోపలికి జార్చి కూర్చున్నాడు. ఏభై రెండేళ్లుగా ఎక్కని మనిషి, నిన్న దిగి ఇవాళ ఎక్కినట్టు ఎక్కాడు. కొలత ఎక్కడా తప్పలేదు. ఆమె చెప్పిన కొలత. వంపు దూలం కింద చెయ్యి పెట్టి చూసుకుని, "వేలెడు సరిగ్గానే తీశారు" అన్నాడు, ఎవరితోనో.

పిన్ని తన కయాక్‌లో ఎడమ పక్కకి చేరింది, నేను నా కయాక్‌లో కుడి పక్కకి. తెడ్డు పట్టుకున్న ఆయన పిడికిళ్లు తెల్లబడి ఉన్నాయి. ఆయనకి ఏమవుతోందో నాకు తెలుసు. నాకూ అవుతోంది.

"నా మొహం చూడండి తాతా" అన్నాను.

"నీ మొహంలో చూడ్డానికేముందిరా" అన్నాడు. కానీ చూశాడు.

యుదితమ్మ బూట్లతో నీళ్లలోకి దిగి, మోకాళ్ల దాకా వచ్చి, కయాక్ వెనక కొస పట్టుకుంది. వదల్లేదు. చాలాసేపు అలాగే నిలబడింది. ఒడ్డు మీద కాఫీ పోసుకుంటున్నవాళ్లు కూడా ఆగిపోయారు. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏడుపు ఆపుకుంటోందో, తిట్లు ఆపుకుంటోందో. వెనక్కి చూడకుండానే తాత, "యుదితా" అన్నాడు.

"నోర్ముయ్" అంది ఆమె. "ఊరు అడుగుతుంది. ఈసారి నిజం చెప్పు. నా పెళ్లామే పంపించిందని చెప్పు."

రెండు చేతులతో బలంగా నెట్టింది.